అడగండి, చెప్తా: ఈ వారం బంగారు నారింజ

రెండు వారాల కిందట ఈ పేజీలో ఎవరికో జవాబిస్తూ, టర్కీలో అంటాల్యా అనే ఊళ్ళో 'బంగారు నారింజ' అని ఓ సినిమా పండగ జరుగుతుంది, కుదిరితే ఒకసారి చూసిరండి అని ఒక్క లైను రాసి వదిలేశా. ఇక చూడండి, ఉత్తరాలు, వాట్సాప్‌లు, ఆఖరికి మా ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర కూడా ఒకాయన ఆపి అడిగాడు. సరే, ఈ వారం పేజీ మొత్తం దానికే. నేను 2022 అక్టోబర్‌లో వెళ్ళొచ్చా కాబట్టి కొంచెం ధైర్యంగానే చెప్తున్నా.

సార్, ఆ ఫెస్టివల్ ఎప్పట్నుంచి ఉంది? సినిమా అవార్డుకి పండు పేరేంటి, కామెడీగా?
— డిగ్రీ స్టూడెంట్, విద్యానగర్

కామెడీ ఏముంది తమ్ముడూ, మనం ఎద్దు పేరు పెట్టుకోలేదా? లేపాక్షి నంది బొమ్మ చూసి అవార్డు చేయించుకున్నాం, అది 1964లో. విచిత్రం ఏంటంటే బంగారు నారింజ పుట్టింది కూడా అదే 1964లో. మన నందులేమో 2016 సినిమాల దాకా ప్రకటించి ఆగిపోయాయి, తెలంగాణలో 2025కి గానీ గద్దర్ అవార్డులు రాలేదు. అక్కడ మాత్రం, దెబ్బలు తిని తిని, ఇంకా నడుస్తోంది.

దాని మూలం సినిమా కాదు, నాటకాలు, కచేరీలు. అంటాల్యాకి తూర్పున నలభై యాభై కిలోమీటర్ల దూరంలో ఆస్పెండోస్ అని రోమన్ల కాలం నాటి రాతి థియేటర్ ఉంది, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో కట్టింది, ఇప్పటికీ వేలమంది కూర్చోవచ్చు. 1950లలో అక్కడ వేసవి కచేరీలు మొదలయ్యాయి, వాటి వెనక ఉన్న డాక్టరుగారు అవ్ని తోలునాయ్ 1963లో ఊరికి మేయర్ అయ్యాడు, అయ్యాక ఏడాది తిరక్కుండా ఆ కచేరీలనే సినిమా పండగగా మార్చేశాడు. ఇప్పటికీ అక్కడ ఆయన పేరుతో ఒక అవార్డు ఇస్తారు.

ఇక పండు సంగతి. అది నారింజ తోటల ఊరు, అంతే. టర్కీ భాషలో పండగ పేరు 'అల్తిన్ పోర్తకాల్', అల్తిన్ అంటే బంగారం, పోర్తకాల్ అంటే నారింజ. పోర్చుగల్ వాళ్ళ ఓడల్లో వచ్చిన పండు కాబట్టి ఆ పేరొచ్చింది, మన బత్తాయికి బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి పేరొచ్చింది అంటారే, అలాగే. ఇంకో తమాషా, టర్కీ వాళ్ళు నిమ్మజాతి పళ్ళన్నింటినీ కలిపి 'నారెంజియే' అంటారు. మన నారింజే అది! ఇక్కడినుంచి పర్షియా, అరబ్బు దేశాల మీదుగా అంతదూరం నడిచిపోయింది. గెలిచినవాళ్ళకి ఇచ్చే బొమ్మ మటుకు పండు కాదు, వీనస్ దేవత.

మొట్టమొదటి ఏడాది ఉత్తమ చిత్రం హాలిత్ రెఫీ తీసిన 'గుర్బెత్ కుష్లరి'. గుర్బత్ అనే మాట పాతబస్తీలో పేదరికానికి వాడతారు, టర్కీలో సొంతూరు వదిలి పరాయిచోట బతకడాన్ని అంటారు, రెండూ ఒకటేగా చివరికి. కుష్లరి అంటే పక్షులు. మరాష్ అనే ఊరినుంచి ఒక కుటుంబం మొత్తం మూటాముల్లే సర్దుకుని ఇస్తాంబుల్‌లో రైలు దిగుతుంది, దిగే స్టేషన్ పేరు హైదర్‌పాషా. పాలమూరు నుంచి బస్సెక్కి నగరానికొచ్చినవాళ్ళకి ఆ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నా, గిసొంటి ఫెస్టివల్స్ అంటే పాసులు, వీఐపీలు, మనల్ని గేటు కాడ్నే ఆపుతరు. అక్కడ మామూలోళ్ళకు ఎంట్రీ ఉంటదా?
— ఒక సినిమా పిచ్చోడు, ముషీరాబాద్

ఉంటది తమ్మీ, మస్తుగ ఉంటది. నాకు అక్కడ నచ్చిందే అది. ప్రారంభం రోజు, ముగింపు రోజు సభలకి మాత్రం సూట్లూ బూట్లూ ఆహ్వానాలూ, వాటిని వదిలేయ్. మధ్యలో రోజులన్నీ ఊరివాళ్ళవే, టికెట్ కొనుక్కుని వెళ్ళడమే. ఎక్కువ హడావుడి ఆతాతుర్క్ కల్చరల్ సెంటర్‌లో, దాన్ని పొడి అక్షరాల్లో 'AKM' అని రాస్తారు, లోపల పెద్ద హాలుకి ఆస్పెండోస్ అనే పేరు. (నా మొదటిరోజు తిప్పలు చెప్తా విను, ప్రోగ్రాం కాగితంలో 'ఆస్పెండోస్' అని చూసి నేను ఆ రాతి థియేటర్ అనుకున్నా, హోటల్ రిసెప్షన్ కుర్రాడిని బస్సెక్కడ ఎక్కాలి అని అడిగితే వాడు నవ్వి, సార్ అది హాలు పేరు, ఊళ్ళోనే ఉంది అన్నాడు. లేకపోతే ఒక పూట శిథిలాల్లో గడిపేవాణ్ణి.)

నా మాట విని ఒక పని చెయ్, ఇంటర్నేషనల్ సెక్షన్ సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి, గోవాలో దొరుకుతాయి, కేరళలో దొరుకుతాయి, వాటికోసం అంతదూరం పోనక్కర్లేదు. నువ్వు చూడాల్సింది నేషనల్ కాంపిటీషన్, వాళ్ళ భాషలో 'ఉలుసాల్ యారిష్మా', ఆ ఏడాది టర్కీ సినిమాలు ఒకదానితో ఒకటి పోటీపడేది. హాల్లో సగంమంది ఆ ఊరి జనమే ఉంటారు, టీచర్లు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు, సినిమా అయ్యాక డైరెక్టర్ స్టేజి మీదికొస్తే వదిలిపెట్టరు, ఎందుకలా తీశావు, మా ఊళ్ళో అలా మాట్లాడరే అని నిలదీస్తారు. మనదగ్గర ప్రీ-రిలీజ్ ఈవెంట్‌లో ఏవీలు, దండలు, పొగడ్తలు చూసి చూసి అలవాటైన ప్రాణానికి భలే వింతగా ఉంటది.

సబ్‌టైటిల్స్ మాత్రం చూసుకోవాలి. ప్రోగ్రాంలో 'ఇంగిలిజ్‌జె అల్తియాజిలి' అని ఉందో లేదో వెతుకు, అల్తియాజి అంటే కింద రాత, సబ్‌టైటిల్ అన్నమాట. నేను అది చూసుకోకుండా ఒక మధ్యాహ్నం షోకి వెళ్ళి కూర్చున్నా, లైట్లు ఆరాక తెలిసింది రాతల్లేవని. లేచిపోదామంటే మధ్య సీటు. పక్కన ఒక పెద్దావిడ, మా మేనత్త వయసుంటుంది, చేతిసంచీలోంచి కాగితం పొట్లం తీసి పొద్దుతిరుగుడు గింజలు నా అరచేతిలో పోసింది, ఆ తర్వాత తెర మీద ఎవరు మాట్లాడినా నా వైపు తిరిగి టర్కీ భాషలోనే మెల్లగా వివరించడం మొదలుపెట్టింది! నాకు ముక్క అర్థం కాలేదు, ఆవిడకి ఆ సంగతి పట్టలేదు. చివర్లో ఏడుపు సీన్‌లో మాత్రం ఇద్దరం కరెక్టుగా ఒకేసారి కళ్ళు తుడుచుకున్నాం. అక్కడ పాత రోజుల్లో ఆరుబయట సినిమాలకి ఈ గింజలే కాలక్షేపం అట, మన నేల క్లాసులో పల్లీల లెక్క.

ఇంకోటి, టర్కీలో మామూలు థియేటర్లలో మనలాగే ఇంటర్వెల్ ఉంటది, 'ఆరా' అంటారు. ఫెస్టివల్ షోలకి ఆశపడకు, చాయ్ ముందే తాగెయ్.

నేను యూట్యూబ్‌లో, ఓటీటీలో టర్కీ సీరియల్స్ రోజూ చూస్తానండి. ఆ నటీనటులు అక్కడ కనిపిస్తారా?
— ఒక గృహిణి, కూకట్‌పల్లి

కనిపించే ఛాన్సుందమ్మా. అక్కడ 'కొర్తెజ్' అని ఒక ఆనవాయితీ ఉంది, ఊరేగింపు. నటీనటులు ఓపెన్ టాప్ కార్లెక్కి ఊరి వీధుల్లో చేతులూపుకుంటూ వెళ్తారు, జనం రోడ్డుకి రెండుపక్కలా, బాల్కనీల్లో నిలబడి కేకలు. మనకి వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ ఎలాగో ఊహించుకోండి, విగ్రహం బదులు హీరోయిన్. ప్రతిసారీ ఒకే రూట్లో ఒకే రోజున ఉంటుందని అనుకోకండి, ఆ ఏడాది ప్రోగ్రాం చూసుకునే బయల్దేరండి. నాకు అది చూసే యోగం లేదు, లేటుగా దిగా.

మీ సీరియల్ వాళ్ళకంటే మీరు తెలుసుకోవాల్సిన పేరు ఒకటి చెప్తా, తుర్కాన్ షొరాయ్. 1964 మొదటి పండగలోనే ఉత్తమ నటి ఆవిడ. టర్కీ వాళ్ళకి ఆవిడ 'సుల్తాన్', మనకి సావిత్రి ఎలాగో అలా అనుకోండి, పోలిక పూర్తిగా కుదరదు గానీ. ఆవిడకి 'షొరాయ్ కానూన్లు' అని ఉండేవి, సినిమా ఒప్పుకోవాలంటే ముద్దు సీన్లుండకూడదు, బట్టలు విప్పే సీన్లుండకూడదు, ఇలా తన షరతులు తనే రాసుకుని నిర్మాతలతో ఒప్పించింది. ఆ కాలంలో ఇస్తాంబుల్ సినిమా పరిశ్రమని యెషిల్‌చామ్ అనేవాళ్ళు, నిర్మాతల ఆఫీసులన్నీ ఉండే వీధి పేరు అది, మన ఫిల్మ్‌నగర్ లాగా. 1972 ప్రాంతంలో ఏడాదికి దాదాపు 300 సినిమాలు తీశారు అక్కడ. అన్ని సినిమాల మధ్య ఒక ఆడమనిషి తన మాట నెగ్గించుకుందంటే మామూలు సంగతి కాదు.

2023లో మా అబ్బాయి జర్మనీ నుంచి ఈ ఫెస్టివల్‌కే అని టికెట్లు, హోటల్ అన్నీ బుక్ చేసుకున్నాడు, వారం ముందు క్యాన్సిల్ అన్నారు, హోటల్ వాళ్ళు పైసా వెనక్కివ్వలేదు. అసలు ఏమైంది? అంత పేరున్న పండగ అలా ఎలా ఆగిపోతుంది?
— రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, మల్కాజ్‌గిరి

అయ్యో సార్, అది మీ అబ్బాయి ఒక్కడి కష్టం కాదు. ఇది కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో ఈ పండగ గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

2023ది అరవయ్యో పండగ. అక్టోబర్ 7న మొదలవ్వాలి. డాక్యుమెంటరీ పోటీలో 'కానూన్ హుక్‌ము' అని ఒక సినిమా ఉంది, నెజ్లా దెమిర్జి అనే ఆవిడ తీసింది. కానూన్, హుకుం, రెండూ మన హైదరాబాద్ మాటలే చూడండి. 2016లో టర్కీలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగి విఫలమైంది కదా, ఆ తర్వాత ప్రభుత్వం ఎమర్జెన్సీ ఆర్డర్లతో వేలకొద్దీ ఉద్యోగుల్ని రాత్రికి రాత్రి తీసేసింది, అలా ఉద్యోగం పోయిన ఒక డాక్టరు, ఒక టీచరు మళ్ళీ తమ పని కోసం కొట్లాడ్డమే ఆ సినిమా. అందులో ఉన్న ఒకరి మీద కోర్టు కేసు నడుస్తోంది అని చెప్పి నిర్వాహకులు దాన్ని పోటీలోంచి తీసేశారు. వెంటనే జ్యూరీ సభ్యులు మేం తప్పుకుంటాం అన్నారు, పోటీలో ఉన్న డైరెక్టర్లు, నిర్మాతలు మా సినిమాలు వెనక్కి తీసుకుంటాం అన్నారు. దెబ్బకి సినిమాని మళ్ళీ పెట్టారు. పెట్టారో లేదో సాంస్కృతిక శాఖ మేం సపోర్ట్ ఇవ్వం, తప్పుకుంటున్నాం అంది. మళ్ళీ తీసేశారు. ఈ పెట్టడం, తీయడం అంతా సెప్టెంబర్ ఆఖరి వారంలోనే! 29న మేయర్ పండగే రద్దు అని ప్రకటించేశాడు.

ఇప్పుడొక చిత్రం వినండి. మరుసటి ఏడాది 2024 అక్టోబర్‌లో పండగ పెట్టారు, పోస్టర్ మీద ఏ నంబరు వేశారనుకున్నారు? 61. అరవై జరగనే లేదు కదా, జరగనిదాన్ని కూడా లెక్కలో ఉంచేశారు. ఇది కొత్త కాదు. 1979లో సెన్సార్ వాళ్ళు పోటీకొచ్చిన సినిమాల్ని ఆపేస్తే (ఒమెర్ కవుర్ తీసిన 'యూసుఫ్ ఇలే కెనాన్', యవుజ్ ఓజ్‌కాన్ తీసిన 'దెమిర్‌యోల్' వాటిలో ఉన్నాయి) సినిమావాళ్ళు మేమూ రాం పొమ్మన్నారు, ఆ ఏడాది అవార్డుల్లేవు. 1980లో సెప్టెంబర్ 12న సైన్యం గద్దెనెక్కింది, ఆ ఏడాదీ లేవు. అయినా 1981లో నంబరు వెనక్కి రాలేదు, ముందుకే నడిచింది. అంతటితో ఆగలేదు, 2011లో ఆ రెండేళ్ళ సినిమాలకీ 'ఆలస్యంగా వచ్చిన బంగారు నారింజ' అని పిలిచి మరీ అవార్డులిచ్చారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత! అందుకోవాల్సినవాళ్ళలో కొంతమంది అప్పటికి లేరు.

2014లో ఇంకో గొడవ, అంతకుముందు ఏడాది ఇస్తాంబుల్‌లో గెజి పార్కు దగ్గర జరిగిన ఆందోళన మీద తీసిన డాక్యుమెంటరీని పోటీలోంచి తీసేస్తే జ్యూరీ వాళ్ళు రాజీనామా చేశారు. 2017లో ఏకంగా నేషనల్ కాంపిటీషన్‌నే ఎత్తేసి అంతా ఇంటర్నేషనల్ అన్నారు, సినిమావాళ్ళు అలిగారు, ఊరి మేయర్ మారాక 2019లో మళ్ళీ తెచ్చారు. చూశారా, పండగ నడిపేది మున్సిపాలిటీ, డబ్బులో, మాటలో రాజధాని చెయ్యి ఉంటుంది, సినిమాలు తీసేవాళ్ళు ఎవరి మాటా వినరు, ఈ ముగ్గురి మధ్య తాడు లాగుడే ఈ అరవై ఏళ్ళ చరిత్ర.

మీ అబ్బాయికి చెప్పండి, ఈసారి హోటల్ బుక్ చేసేటప్పుడు రూపాయి ఎక్కువైనా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోమని. ఈ పండక్కి అది తప్పదు.

వీసా, వాతావరణం, తిండి? మేం ఇద్దరం ప్యూర్ వెజ్.
— దంపతులు, నల్లకుంట

వీసా: మీ పాస్‌పోర్ట్‌లో ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న అమెరికా, యూకే, షెంగెన్, ఐర్లాండ్ వీసాల్లో ఏదో ఒకటి ఉంటే ఆన్‌లైన్‌లో ఈ-వీసాకి ట్రై చేయొచ్చు, లేకపోతే స్టిక్కర్ వీసానే. మన హైదరాబాద్‌లోనే టర్కీ కాన్సులేట్ ఉంది, రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు అధికారిక సైట్‌లో చూసుకోండి, ట్రావెల్స్ అతని మాట మీద వెళ్ళకండి, నేను అలా వెళ్ళి రెండుసార్లు తిరిగా.

పండగ ఎక్కువగా అక్టోబర్‌లో. మన దసరా నాటి ఎండ, సాయంత్రం సముద్రపు గాలి, నెలాఖరుకొస్తే వానలు మొదలవ్వచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ట్రామ్ ఉంది, ట్యాక్సీ అక్కర్లేదు. షోల మధ్య ఖాళీ దొరికితే పాత ఊరు కలెయిచికి వెళ్ళండి, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కోసం కట్టిన మూడు కమానుల ద్వారంలోంచి లోపలికి నడవాలి. కొన్యాల్తి బీచ్‌లో ఇసుక ఉండదు, గులకరాళ్ళు, చెప్పులు విప్పకండి.

తిండికి భయపడకండి. 'మెర్జిమెక్ చోర్బా' అంటే ఎర్ర కందిపప్పు సూప్, నిమ్మకాయ పిండుకుని తాగితే మన పప్పుచారు చెల్లెల్లా ఉంటుంది, ఒక్కోచోట మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు కాబట్టి 'ఎత్సిజ్' అని అడగండి, మాంసం లేకుండా అని. 'గొజ్‌లెమె' పాలకూర, చీజ్ పెట్టి పెనం మీద కాల్చిన పల్చటి రొట్టె. ఇక 'పియాజ్' అని మెనూలో కనిపిస్తే ఉల్లిపాయ అనుకోకండి! అది తెల్ల చిక్కుడు గింజల సలాడ్, అంటాల్యా వాళ్ళు దాంట్లో నువ్వుల ముద్ద కలుపుతారు, అది ఆ ఊరి స్పెషల్. పైన ఉడికిన గుడ్డు ముక్కలు పెడతారు, వద్దని ముందే చెప్పండి. చాయ్‌ని చాయ్ అనే అంటారు, కాకపోతే పాలు ఉండవు. నాకు ఎనిమిది రోజులూ అదే బెంగ.

2025లో మనకీ పాకిస్తాన్‌కీ ఘర్షణ జరిగినప్పుడు టర్కీ పాకిస్తాన్ పక్షాన నిలబడటం చూశాక కూడా అక్కడికి వెళ్ళమని ఎలా చెప్తున్నారు మీరు?
— పేరు రాయలేదు, సికింద్రాబాద్

మీ కోపం న్యాయమైందే, 2025 మే తర్వాత మా కాలనీలోనే రెండు కుటుంబాలు టూర్ క్యాన్సిల్ చేసుకున్నాయి. వెళ్ళాలా వద్దా అనేది మీ ఇష్టం, నేను బలవంతం చేయను. నేను చెప్పే సినిమాలు తీసినవాళ్ళలో చాలామంది వాళ్ళ ప్రభుత్వంతోనే పడనివాళ్ళు, పైన బ్యాంక్ సార్‌కి రాసింది చదవండి. ఆ సినిమాలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

షార్ట్ ఫిల్మ్ తీశాను, అక్కడికి పంపొచ్చా?
— అసిస్టెంట్ డైరెక్టర్, కృష్ణానగర్

నేషనల్ పోటీకి కుదరదు, అది టర్కీ సినిమాలకి. విదేశీ సినిమాలకి ఏ విభాగాలు తెరుస్తారనేది ఏడాదికోలా ఉంటుంది, సైట్‌లో 'యొనెత్‌మెలిక్' అనే కాగితం వెతుకు, అది రూల్స్ పుస్తకం. టర్కీ అంటే ఇదొక్కటే కాదు, ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ ఫెస్టివల్ ఉంది, 1982లో ఒక వారం సినిమాలతో మొదలైంది, దాని అవార్డు బంగారు తులిప్ పువ్వు. అదానాలో 1969 నుంచి 'అల్తిన్ కొజా' ఉంది, కొజా అంటే పత్తికాయ. పత్తి పండే నేల కాబట్టి పత్తికాయ అవార్డు. మన వరంగల్ వాళ్ళకి ఎందుకు తట్టలేదో ఈ ఐడియా!

అంత దూరం వెళ్ళలేను. ఇంట్లో కూర్చుని ఒక్క సినిమా చూడాలంటే?
— నర్స్, ఎర్రగడ్డ

'ఉజాక్'. అంటే 'దూరం'. 2002లో అంటాల్యాలో ఉత్తమ చిత్రం, ఆ తర్వాతి ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రీ, అక్కడ రెండో పెద్ద అవార్డు. నూరీ బిల్గే జేలాన్ తీశాడు. (ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి సిలోన్ అనకండి, వాళ్ళకి ఆ అక్షరం 'జ'.) ఇస్తాంబుల్‌లో ఒంటరిగా ఉండే ఫోటోగ్రాఫర్ ఇంటికి ఊరినుంచి పని వెతుక్కుంటూ చుట్టం కుర్రాడు దిగుతాడు, వారం అన్నవాడు వెళ్ళడు, ఈయన వెళ్ళమనలేడు. అంతే కథ. వంటింట్లో ఎలుక కోసం జిగురు అట్ట పెడతాడు, ఒక రాత్రి ఎలుక దొరికి కీచుమంటుంది, ఇద్దరిలో దాన్ని ఎవరు తీసి పారేయాలి అనే దగ్గర సినిమా మొత్తం ఉంది. హైదరాబాద్‌లో సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో ఊరి చుట్టాన్ని పెట్టుకున్నవాళ్ళకి, చుట్టంగా వచ్చి సోఫాలో పడుకున్నవాళ్ళకి, ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. నేను రెండు రకాలుగానూ ఉన్నా.

ఆ కుర్రాడి వేషం వేసిన మెహ్‌మెత్ ఎమిన్ తొప్రాక్ డైరెక్టర్‌కి నిజంగా చుట్టమే, కజిన్. 2002 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో పోయాడు. 2003లో కాన్ ఉత్తమ నటుడి అవార్డు అతనికీ, ఫోటోగ్రాఫర్‌గా వేసిన ముజఫ్ఫర్ ఓజ్‌దెమిర్‌కీ కలిపి ఇచ్చారు.

నైట్ డ్యూటీ దిగి వచ్చి మటుకు చూడకండి, నెమ్మదిగా నడుస్తుంది. మా ఆవిడ ఇరవై నిమిషాలకి లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ ఎలుక కీచుమన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, దాన్ని తీశాడా లేదా అని అడిగింది.